ఎనిమిది సీసపు బిళ్ళలు

కత్తెరక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఎప్పుడూ చేతిలో కత్తెర ఉంటుంది కాబట్టి పెట్టారని ఆమె అనుకునేది. నోట్లో కూడా ఒకటి ఉంటుందని మిగతావాళ్ళం అనుకునేవాళ్ళం. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, భుజం దగ్గర బట్టకు గుచ్చుకున్న నాలుగు సూదులు. ఆమెను వేరేలా చూసిన గుర్తు లేదు. వీధివైపు కిటికీ కింద ఆమె మిషను. ఆ ఇంటి మేడమీద గదిలో నేను ముప్ఫై ఏళ్ళు ఉన్నాను.

ఆమెకు చదువు రాదు. టేపు మీద ఉండే అంకెలు మాత్రం వచ్చు. సాయంత్రం నాలుగింటికి నేను పని నుంచి వచ్చి, మిషను పక్కన పీట వేసుకుని బైబిల్లోంచి వాక్యం చదివి వినిపించేదాన్ని. వింటూ కుట్టేది. నచ్చిన చోట పెడల్ ఆగేది. నచ్చని చోట మిషను గడగడలాడేది, నా గొంతు వినపడకుండా.

"పుస్తకాలమ్మా, ఆ ముక్క మళ్ళీ చదువు" అనేది ఒక్కోసారి. శత్రువుల మీద దేవుడి కోపం రగిలిన చోట్లే ఆమె మళ్ళీ చదవమన్నవన్నీ. అవి నాకు కూడా కంఠతా వచ్చేశాయి.

కోపానికి కారణం ఉంది. ఆమె, ఆమె చెల్లెలు వయసులో ఉన్నప్పుడు ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. అక్క కాలర్ల వరసలో, చెల్లెలు బొత్తాల మిషను దగ్గర. షిఫ్టు గంట కొట్టకముందు బయటికి వెళ్ళాలంటే సూపర్‌వైజరు సంతకం పెట్టిన గులాబిరంగు చీటీ గేటులో చూపించాలి. ఒకరోజు పదకొండింటికి చెల్లెలికి కడుపునొప్పి లేచింది. వెళ్ళి చీటీ అడిగింది. సూపర్‌వైజరు రాశాడు, సంతకమూ పెట్టాడు. పెట్టి, మడిచి, తన చొక్కా జేబులో రెండు పెన్నుల వెనకాల దోపుకున్నాడు. "ఈ చొక్కాల లాటు పూర్తిచేసి తీసుకో" అన్నాడు. లాటు మూడింటికి పూర్తయింది. అప్పటికి ఆ పిల్ల మిషను మీదికి ఒరిగిపోయి ఉంది. అపెండిక్స్ పగిలిందన్నారు ఆసుపత్రిలో. మూడోరోజు పోయింది. ఇరవై రెండేళ్ళు.

ఫ్యాక్టరీ తర్వాత మూతపడింది. సూపర్‌వైజరు ఊళ్ళోంచి ఎటో పోయాడు. కత్తెరక్క ఇంట్లోనే మిషను పెట్టుకుంది. వీధి చివర ప్రార్థనా మందిరానికి కర్టెన్ కుట్టాలని కబురొస్తే కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది. వెళ్ళినామె అక్కడే ఉండిపోయింది.

"నేనేం దేవుణ్ణి వెతుక్కుంటూ పోలేదు" అని ప్రతి కొత్తమనిషికీ చెప్పేది. "కర్టెన్ కొలతకి పోయాను. స్టూలెక్కి టేపు పట్టుకుని ఉంటే లోపల ఎవరో పాడుతున్నారు. కొలత తప్పాను. నా జన్మలో మొదటిసారి కొలత తప్పడం. ఆయనే పట్టుకున్నాడు. నన్ను అడిగాడా? అడగలేదు. నాలో ఏదన్నా మంచి చూశాడా? చూట్టానికి ఉంటే కదా!" అని నవ్వేది.

రక్షించబడ్డాక కూడా ఆమె ప్రార్థన మాత్రం మారలేదు. నేను పక్కన కూర్చుని విన్నాను కాబట్టి చెబుతున్నాను. "ప్రభువా, వాడు ఎక్కడున్నా కనిపెట్టు. నా కళ్ళముందు పెట్టు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను." పంతొమ్మిదేళ్ళు అదే ప్రార్థన, ఒక్క అక్షరం తేడా లేకుండా.

బాప్తిస్మం తీసుకునేవాళ్ళకు అంగీలు కుట్టేది కత్తెరక్కే. మందిరంలో వేదిక ముందు చెక్కలు తీస్తే కింద తొట్టి ఉంటుంది, మనిషి నడుముకు పైదాకా నీళ్ళు. తెల్లటి వదులు అంగీ వేసుకుని అందులోకి దిగాలి. నీళ్ళలోకి దిగగానే బట్ట గొడుగులా పైకి లేస్తుంది. లేవకుండా ఉండాలని అడుగు అంచు మడతలో ఎనిమిది సీసపు బిళ్ళలు పెట్టి కుట్టేది. ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరంత. ఈ ఉపాయం ఆమెకెవరూ నేర్పలేదు. ఒకసారి ఒక ముసలమ్మ అంగీ తేలిపోయి ఆవిడ పడ్డ అవస్థ చూసి, ఆ రాత్రి గడవకముందే ఆలోచించి పెట్టుకుంది. "ఆయన దగ్గరికి పోయేవాళ్ళు సిగ్గుపడుతూ పోకూడదు" అనేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒక నడివయసు ఆవిడ తన తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఈ ఆదివారం కాక పై ఆదివారం ఆయనకు బాప్తిస్మమట, కొలతలు తీసుకోవాలట. ఆ రోజు నాకు సెలవు, పీట మీదే ఉన్నాను. ముసలాయన పొడుగ్గా, ఎముకలకు తొడిగిన చొక్కాలా ఉన్నాడు. కూతురు మాట్లాడుతూ ఉంటే ఆయన బల్ల మీద ఉన్న చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. పక్క కుట్టు వెంబడి బొటనవేలు పైనించి కిందిదాకా నడిపించాడు. ఒకచోట ఆపాడు.

"ఇక్కడ లైను వంకరపోయింది" అన్నాడు.

కత్తెరక్క చేతిలో టేపు ఆగిపోయింది. ఆయన బొటనవేలు చూసింది. తర్వాత జేబు చూసింది. రెండు పెన్నులు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

"నాన్నకి పాత అలవాటండి" అంది కూతురు. "చొక్కాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేశారు. ఈమధ్య మతిమరుపు వచ్చింది. ఒక్కోరోజు నా పేరే పట్టుకోలేరు. కుట్లు మాత్రం పట్టేస్తారు."

"అలాగా" అంది కత్తెరక్క. గొంతులో ఏమీ లేదు. భుజం కొలిచింది, ఛాతీ కొలిచింది, మెడ చుట్టూ టేపు తిప్పింది. మెడ దగ్గర టేపు కాస్త ఎక్కువసేపు ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

"మందిరానికి ఎలా వచ్చారు?" అని అడిగింది.

"అదే ఆశ్చర్యం" అంది కూతురు. "మాకెవరికీ ఈ దారి తెలియదు. ఒకరోజు ఇంట్లోంచి బయటికి వెళ్ళి దారితప్పారు. వెతికి వెతికి చూస్తే మీ మందిరంలో వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పద నాన్నా అంటే కదలరు. ఆ పై వారం మళ్ళీ అదే బెంచీ. మాకే అర్థంకాక, ఆయన వెనక మేమూ వచ్చాం."

వాళ్ళు వెళ్ళాక కత్తెరక్క తలుపు గడియ వేసింది. పైకి చూసింది, ఇంటికప్పు మీద ఎవరో కూర్చుని ఉన్నట్టు.

"చూపించమన్నాను" అంది. "చేర్చుకోమన్నానా?"

నేను నోరు జారాను. "మిమ్మల్ని కూడా అడక్కుండానే పట్టుకున్నాడు కదక్కా?"

"నోరుమూసుకుని పైకి పో" అంది.

ఆ తర్వాత వారం రోజులూ ఆ ఇంట్లో వాక్యం చదవలేదు. కింద మిషను ఆగేది, మొదలయ్యేది. శనివారం పొద్దున నేను దిగి వచ్చేసరికి అంగీ మడిచి బల్ల మీద ఉంది. పక్కనే బొత్తాల డబ్బా మూత తీసి ఉంది. అందులో ఎనిమిది సీసపు బిళ్ళలు. అంగీ ఎత్తి చూశాను. పక్క కుట్లు రెండూ, వీపు మధ్య కుట్టూ మిషను మీద వేసినవి కావు. చేత్తో, పొడుగు పొడుగు టాకాలు. కొలత సరిచూసుకోవడానికి వేసి, తర్వాత లాగిపారేసే కచ్చాకుట్టు. ఎండిన బట్టలో చూడ్డానికి ఏ లోటూ ఉండదు. నీళ్ళు తాగి బరువెక్కితే ఒక్కసారిగా విడిపోతుంది.

ఆమె వంటగది గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"చూశావా?"

"చూశాను."

"చెబుతావా పాస్టరు అయ్యగారికి?"

నేను అంగీ ఎలా ఉందో అలా మడతపెట్టాను. మెట్లెక్కి నా గదికి పోయాను. ఎవరికీ చెప్పలేదు. చాలా పుస్తకాలు చదివిన దాన్ని, ఆ రోజు మాత్రం అంతే చేతనయింది.

ఆదివారం ఆయన అంగీ వేసుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళాడు. గుమ్మం దగ్గర అంగీ అందించింది కత్తెరక్కే. ఆయన అందుకుని, అలవాటుగా కుట్టు వెంబడి బొటనవేలు నడిపించాడట. మధ్యలో ఆగి ఆమెకేసి చూసి నవ్వాడట.

"ఇది పక్కాకుట్టు కాదమ్మా. ఈ లాటు వెనక్కి పంపాలి."

"ఏం పరవాలేదు, వేసుకోండి" అందట కత్తెరక్క.

"మీరు చెప్తే సరే" అని వేసుకున్నాడట. ఈ సంగతి నెలలు గడిచాక నాతో చెప్పింది. చెబుతున్నప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది.

తొట్టిలోకి దిగేముందు ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. తనేమిటో, దేవుడు తనకేం చేశాడో నాలుగు మాటలు. కూతురు ఆయనకు రాసిచ్చింది. కాగితం పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు కాగితం మీద లేవు. కత్తెరక్క మొదటి బెంచీలో ముందుకు వంగి కూర్చుంది. గులాబిరంగు చీటీ మాట వస్తుందేమోనని చూస్తోంది. ఎవరి ముందైనా ఆ మాట ఒక్కసారి అతని నోట రావాలని పంతొమ్మిదేళ్ళు కాచుకుంది.

అయ్యగారు మెల్లగా అన్నారు. "చెప్పండి, పెద్దాయనా."

"నేను..." అన్నాడు. "నాకు ఏదీ గుర్తుండటం లేదండి. ఎవరో పట్టుకున్నారు నన్ను. ఇక్కడ" అని మోచెయ్యి చూపించాడు. "పేరు నోట్లోనే ఉంది, రావట్లేదు. నేను వదిలేసినా ఆయన వదలట్లేదు. అంతేనండి."

మందిరంలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. కత్తెరక్క పళ్ళు కొరకడం నాకు వినపడింది.

దిగాడు. బిళ్ళలు లేని అంగీ తెల్లగా చుట్టూ పైకి లేచింది. అయ్యగారు ఆయన్ని వెనక్కి వాల్చి ముంచి ఎత్తారు. ఎత్తడంతోనే బట్ట విడిపోయింది. వీపు మధ్య నుంచి, రెండు పక్కల నుంచి, మూడు ముక్కలుగా. ఆ ముక్కలు నీళ్ళ మీద తేలాయి. ముసలాయన సాగిపోయిన నిక్కరుతో, బయటపడిన పక్కటెముకలతో, అందరి ముందూ నిలబడ్డాడు.

ఆయన నవ్వుతున్నాడు. తన ఒంటి మీద ఏముందో, ఏం లేదో ఆయనకు తెలియనే లేదు. పొద్దున్నే స్నానం చేసి బయటికొచ్చిన పిల్లవాడిలా మొహం మీది నీళ్ళు రెండు చేతుల్తో తుడుచుకున్నాడు. సిగ్గుపడింది కూతురు. రెండు చేతుల్తో మొహం కప్పుకుని, ఆ వెంటనే చీరతోనే తొట్టిలోకి దిగి, పైట తండ్రికి చుట్టి నిలబడింది.

తర్వాత అమ్మగారు నీళ్ళలోంచి ముక్కలు ఏరి, దారం చూశారు. అయ్యగారి భార్య, ఆవిడకూ కాస్త కుట్టుపని తెలుసు.

"ఇది కచ్చాకుట్టు కదా, కత్తెరక్కా?"

"పక్కా వేయడం మర్చిపోయానమ్మా" అంది.

అమ్మగారు ఆమెను ఒక క్షణం చూశారు. అలా చూడడం అనడంకన్నా ఎక్కువ.

ఇంటికొచ్చి కత్తెరక్క కుర్చీలో కూలబడింది. "చూశావా? సిగ్గు కూడా లేకుండా చేశాడు వాణ్ణి! నేను కుట్టిందంతా వాడి కూతురి నెత్తిన పడింది. వాడు నవ్వుకుంటూ బయటికొచ్చాడు." మళ్ళీ పైకి చూసింది. "ఎటు తిరిగితే అటు అడ్డం వస్తావేం?"

అయితే ఆమె పట్టు వదిలే మనిషి కాదు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ ప్రార్థన గంటసేపు జరుగుతుంది. కూతురు అందులో ఉంటుంది. తండ్రి వెనక బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉంటాడు. తర్వాతి ఆదివారం కత్తెరక్క ప్రార్థనకు పోకుండా వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. మొత్తం చెప్పింది. పదకొండింటి నొప్పి, చీటీ, రెండు పెన్నులు, జేబు, మూడింటిదాకా లాటు. నేను ముందు బెంచీలో పాటల పుస్తకాలు సర్దుతూ అంతా విన్నాను.

ముసలాయన మొహం మెల్లమెల్లగా ముడుచుకుపోయింది. "నేనా? ఆ చీటీ నా జేబులో పెట్టుకున్నది నేనా అమ్మా?" జేబు తడుముకున్నాడు, చీటీ ఇంకా అక్కడే ఉందేమోనని. ఏడ్చాడు. వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ రోజు కత్తెరక్క గుమ్మం మెట్లు పాతికేళ్ళ పిల్లలా ఎక్కింది. కడుపునిండా తింది. నాకు టీ పెట్టిచ్చింది, అడక్కుండానే.

మరుసటి ఆదివారం ఆయన పక్కన కూర్చుంటే, చేతులు జోడించి నవ్వాడు. "నమస్కారమమ్మా. కొత్తగా వచ్చారా మందిరానికి?"

అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆమె ఒక నిమిషం నోరు తెరిచి చూసింది. తర్వాత మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. ఆయన మొదటిసారి విన్నట్టే విన్నాడు, మొదటిసారిలాగే విరిగిపోయాడు.

"రెండోసారి కూడా అంతే ఏడ్చాడే, పుస్తకాలమ్మా!" అంది ఇంటికొస్తూ. "ఇలాంటి భాగ్యం ఎవరికి దొరుకుతుంది? పగ తీర్చుకుంటే ఒకసారే తీరుతుంది ఎవరికైనా. నాకు వారం వారం!"

మూడో వారానికి చెప్పడం ఇంకా బాగా కుదిరింది. చెల్లెలు వేసుకున్న బట్టల రంగు కలిపింది, పెదవి కొరుక్కుంటే వచ్చిన నెత్తురు కలిపింది. ఎక్కడ ఆగితే ఆయన ఎక్కువ ఏడుస్తాడో తెలిసిపోయింది. నాలుగో వారం కూతురు మిషను దగ్గరికే వచ్చింది, తండ్రి చొక్కా పొట్టి చేయించడానికి.

"ఆదివారం సాయంత్రాలు ఎందుకో ఒకటే ఏడుపు అక్కా" అంది. "ఎందుకు నాన్నా అంటే గుర్తులేదంటారు. ఏడుపుకు కారణం మర్చిపోయారు, ఏడుపు మాత్రం మర్చిపోలేదు. రాత్రి అన్నం కూడా ముట్టరు."

కత్తెరక్క తలెత్తలేదు. "భుజం దగ్గర ఎంత తగ్గించమంటావు?" అంది.

ఎవరు చెప్పారో మరి, ఆ వారం అయ్యగారు వచ్చారు. కూర్చోకముందే అడిగారు. "ఆయనకు ఏం చెబుతున్నారు, అక్కా?"

"జరిగిందే. అబద్ధం ఒక్కటి లేదు."

"ఆయన్ని దేవుడు క్షమించాడు."

"దేన్ని? గుర్తేలేని దాన్నా? అడగందే ఎలా ఇస్తాడండీ? వాడు వచ్చి, అమ్మా ఇది చేశాను, తప్పయింది అంటే అది వేరు. మర్చిపోయి, నవ్వుకుంటూ, బెంచీ ఎక్కి కూర్చుంటే ఇచ్చేస్తాడా? ఆయనకు గుర్తులేదు కాబట్టి నేను గుర్తుచేస్తున్నాను. అది నా పరిచర్య అనుకోండి."

అయ్యగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "గుర్తున్న పాపాలే క్షమిస్తానంటే మనలో ఎంతమంది మిగులుతాం? అడిగినంతవరకే ఇచ్చేదైతే దాన్ని కృప అనం కదమ్మా. ఆయన అడగడం తెలియని మనిషి. దారితప్పి వచ్చి కూర్చున్నాడు. దారితప్పించి తెచ్చిందెవరు?"

"అదే నేనూ అడుగుతున్నాను!" అంది కత్తెరక్క. "తెచ్చిందెవరు? ఊళ్ళో ఇన్ని గుమ్మాలుంటే నా గుమ్మానికే ఎందుకు తెచ్చాడు?"

"ఆ మాట ఆయన్నే అడగండి" అని లేచారు.

"అడుగుతూనే ఉన్నాను. పలకడు" అంది. అయ్యగారి చొక్కా చేతికి బొత్తాం ఊడిపోయి ఉంటే, పట్టుకుని నిలబెట్టి, తిడుతూనే కుట్టి పంపించింది.

ఐదో ఆదివారం. నేను పుస్తకాలు సర్దుతున్నాను. కత్తెరక్క మొదలుపెట్టింది. పదకొండింటికి నొప్పి. గులాబిరంగు చీటీ. జేబు. పిల్ల మిషను దగ్గరికి తిరిగి వెళ్ళడం. ఆయన వింటున్నాడు, కళ్ళు అప్పుడే తడిశాయి. మధ్యలో ఒక్కసారి చెయ్యెత్తి ఆపాడు. ఇదివరకెప్పుడూ అలా ఆపలేదు.

"నాలుగు గంటలు ఆ పిల్ల అలా కూర్చుందా?" అన్నాడు. "పాపం, అక్కడ ఆ పిల్లకి ఎవరూ లేరా అమ్మా? తనవాళ్ళు ఎవరూ?"

నేను వెనక్కి తిరిగి చూడకుండా నిలబడ్డాను. పక్కగదిలో ఆడవాళ్ళ ప్రార్థన ఒకటే వినపడుతోంది.

కత్తెరక్క అంది. "ఉంది."

"ఎవరు?"

"అక్క ఉంది. ఆరు మిషన్ల అవతల. చెల్లెలు చెయ్యూపితే ఒకసారి లేచి వచ్చి నిన్ను అడిగింది. 'అక్కాచెల్లెళ్ళిద్దరూ నాటకాలా, పోయి కూర్చో' అన్నావు." అక్కడ గొంతు తగ్గింది. "పోయి కూర్చుంది. లాటు ఆగితే వరసంతటికీ మాట వస్తుందని కూర్చుంది. మూడింటిదాకా కాలర్లు కుట్టింది. చెల్లెలు రెండోసారి చెయ్యూపింది. చూసింది. చూసి తల వంచుకుని ఇంకో కాలర్ పెట్టుకుంది."

ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఆమె పక్కన కూర్చుని, వందసార్లు ఈ కథ విన్నదాన్ని. ఆ రెండోసారి చెయ్యూపడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆయన తన జేబు మీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే తల అటూ ఇటూ ఊపాడు.

"అయ్యో, ఆ అక్క" అన్నాడు. "పాపం, ఆ అక్క ఎలా బతికిందో తర్వాత. నా వల్లే కదా. ఆమె కనపడితే చెప్పమ్మా, ఆమె తప్పేం లేదని చెప్పు. కూర్చోమన్నది నేను. చెప్తావా?"

కత్తెరక్క లేచింది. వడివడిగా నడిచి మందిరం బయటికొచ్చింది. నేను వెనక పరుగెత్తాను. లోపలికొచ్చి, తలుపు వేసి, గోడకు వీపు ఆనించి కింద కూర్చుంది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఏడుపు కూడా కాదు, కోపం. అంతా కోపమే.

"వాడి నోటితోనే రావాలా?" అంది. "నీకు ఇంకో నోరు దొరకలేదా? అయ్యగారున్నారు, ఈ పుస్తకాలమ్మ ఉంది. ఇన్నేళ్ళు ఇన్ని వాక్యాలు చదివింది. ఒక్కదానిలో పెట్టలేకపోయావా ఆ మాట? ఆ జేబున్న మనిషితోనే చెప్పించాలా నాకు?"

నేను పక్కన కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం కూడా వెళ్ళి ఆయన పక్కనే కూర్చుంది. "కొత్తగా వచ్చారా అమ్మా?" అన్నాడు.

"అవును" అంది.

అంతే. కథ చెప్పలేదు. చేతిసంచీలోంచి కుట్టిన చొక్కా ఒకటి తీసి ఆయన ఒడిలో పెట్టింది. ఆయన బొటనవేలు కుట్టు వెంబడి నడిచింది. గంటసేపు అలా కూర్చున్నారు. క్షమించిందా అని అప్పట్లో కొందరు నన్ను అడిగారు. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. దవడ బిగించుకునే కూర్చునేది ఆయన పక్కన. కొన్ని ఆదివారాలు "ఈ రోజు చెప్పేద్దామనిపించింది" అనేది ఇంటికొచ్చి. చెప్పేది కాదు. పట్టుకున్నదెవరన్నది ఒకరికి గుర్తులేదు, పట్టుకున్న తీరు ఇంకొకరికి నచ్చలేదు. ఆ పట్టు మాత్రం ఇద్దరినీ వదల్లేదు. ఇన్నేళ్ళ తర్వాత నాకు తెలిసింది ఇంతే.

రెండేళ్ళకు ఆయన పోయాడు. చివరి నెలల్లో కూతురి పేరు, తన పేరు, ప్రార్థన, అన్నీ పోయాయి. మోచెయ్యి మాత్రం అప్పుడప్పుడు చూపించేవాడట. ఆయన పోయిన ఉదయం కూతురు మా ఇంటికొచ్చింది. ఎర్రబడ్డ కళ్ళతో గుమ్మంలోనే నిలబడి అడిగింది. "బాప్తిస్మానికి వేసుకున్న అంగీయే వేసి పంపుదామనుకుంటున్నాం అక్కా. ముక్కలు దాచాను. కుట్టిస్తారా?"

"తే" అంది కత్తెరక్క.

ఆ పొద్దున నేను పక్కనే కూర్చున్నాను. వాక్యం చదవబోతే వద్దంది. మూడు ముక్కలు కలిపి ముందు మిషను మీద ఒక వరస, దాని మీద ఇంకో వరస వేసింది. దారం తెగ్గొట్టి, బొత్తాల డబ్బా తెమ్మంది. అడుగున ఎనిమిది సీసపు బిళ్ళలు ఇంకా ఉన్నాయి. అంచు మడత విప్పి ఒక్కొక్కటే లోపల పెట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకక్కా?" అన్నాను. "సమాధిపెట్టెలో నీళ్ళుండవు కదా."

"తీసింది నేనే కదా" అంది.

ఎనిమిదోది పెట్టి, అంచు మడిచి, కుట్టేసింది. అంగీ బల్ల మీద పరిచి, పక్క కుట్టు మీద పైనించి కిందిదాకా తన బొటనవేలు నడిపించింది. ఎక్కడా ఆగలేదు. మళ్ళీ ఒకసారి నడిపించింది.

"పో" అంది దానితో, ఎదురుగా మనిషి ఉన్నట్టు. "ఈసారి లాటు వెనక్కి పంపడానికి నీకు వంక దొరకదు."